గ్రాఫులో లేనిది రాయకూడదు

కంబళ్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో ఇంగ్లీషు పాఠం సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. అది మొదలవ్వాలంటే టీచరు అయిదున్నరకే చేరుకొని, రెండు బల్లల మీద ఎండిపోయిన టీ చారలను తడిగుడ్డతో తుడిచి, ఆ పూట వండినవాటి పేర్లు రాసి ఉన్న నల్లపలకను చెరిపి తన బోర్డుగా మార్చుకోవాలి. ఆమెకు యాభై ఏడేళ్లు. పొద్దున ఒక చోట, మధ్యాహ్నం మరో చోట, సాయంత్రం ఇక్కడ. మూడు చోట్లా చెప్పేది ఒక్కటే. గీత పైకి పోతే ఏమనాలి, కిందికి దిగితే ఏమనాలి, కదలకుండా పడుకుంటే ఏమనాలి. పద్దెనిమిదేళ్లుగా అదే గీతను ఎక్కించి దించుతోంది. గొంతు ఎప్పుడో అరిగిపోయింది. సంచిలో వేడినీళ్ల ఫ్లాస్కు లేకుండా ఆమె గడప దాటదు.

తరగతిలో ముప్పై ఒక్క మంది. అందరూ పిల్లల్ని పెంచి పెద్ద చేసినవాళ్లో, పెంచుతున్నవాళ్లో. షిఫ్టు దిగి, మొహం కడుక్కొని, నేరుగా వచ్చి కూర్చుంటారు. పరీక్షలో రెండు భాగాలు: ఒక గ్రాఫును చూసి అందులో ఏముందో రాయాలి, ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. ప్యాసైనవాళ్లను తనిఖీ గదికి మారుస్తారు. తనిఖీ గదికి గాజు తలుపులుంటాయి. దుమ్ము లోపలికి రాదు. ఆ తలుపు కోసమే వీళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. భాష మీద మోజు ఒక్కరికీ లేదు.

నోటి పరీక్ష కార్డుల మీద ప్రశ్నలు ఎవరు రాస్తారో తెలియదు. ఒక రోజు టీచరు తీసిన కార్డు మీద ఇలా ఉంది: తీరిక వేళల్లో మీరు ఏ వ్యాయామం చేస్తారు? ఈత కొడతారా, సైకిలు తొక్కుతారా?

"మేడం, ఎనిమిది గంటలు మిషను చుట్టూ తిరుగుతాం కదా. దాన్ని నడక కింద రాసుకోవచ్చా?" అని రేడియో అడిగాడు. ప్యాకింగులో పనిచేసే ఆ మనిషిని ఆపే మీట ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు, అందుకే ఆ పేరు.

"నోటికి చేయిస్తున్నావుగా, అది చాల్లే నీకు," అంది దూదక్క.

అందరూ నవ్వారు. దూదక్క కూడా నవ్వింది, నవ్వగానే దగ్గు తెర అందుకుంది. దూది ఏకే మిషను దగ్గర ఆమెది పంతొమ్మిదేళ్ల పని. జుట్టులో ఎంత దువ్వినా పోని తెల్లటి పీచు ఉంటుంది. పేరు అలా వచ్చింది. దగ్గు మొదలైతే తరగతి ఆగుతుంది. టీచరు ఫ్లాస్కు మూత తిప్పుతుంది, మూతలో పోసిన నీళ్లు చేతులు మారుతూ చివరి బల్ల దాకా వెళ్తాయి, ఖాళీ మూత అలాగే వెనక్కి వస్తుంది. ఆ తర్వాత పాఠం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నడుస్తుంది.

టీచరు పాఠానికి ఒక సూత్రముంది. మొదటి రోజే చెబుతుంది, వారానికోసారి మళ్లీ చెబుతుంది: గ్రాఫులో లేనిది రాయకూడదు. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అన్నది మీకు అక్కర్లేదు. కంటికి కనిపించింది రాయండి. కారణం రాస్తే మార్కు పోతుంది. ఈ ఒక్క ముక్క ఒంటబట్టించుకున్నవాళ్లు ప్యాసయ్యారు, కారణాలు వెతికినవాళ్లు తప్పారు. ఆమెకు మంచి పేరు తెచ్చింది ఆ సూత్రమే.

చలికాలం చివర్లో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ సంక్షేమాధికారి క్యాంటీనుకు వచ్చాడు. నలగని చొక్కా, నెమ్మదైన మాట.

"మేడం, మీ పుస్తకంలో గ్రాఫులన్నీ ఎక్కడెక్కడివో. మంచు ఎంత కురిసింది, ఓడలెన్ని వచ్చాయి. మనవాళ్లకేం ఎక్కుతుంది చెప్పండి. మన ఫ్యాక్టరీదే ఒకటుంది, దీంతో చెప్పించండి," అని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

కిందటేడాది దగ్గుతో ఫ్యాక్టరీ క్లినిక్కుకు వచ్చినవాళ్ల సంఖ్య, నెలనెలా. జనవరిలో అరవై ఒకటి. మార్చి దాకా గీత అక్కడక్కడే ఆడింది. ఏప్రిల్లో సగానికి పడింది. ఆ తర్వాత జారుతూ జారుతూ డిసెంబరుకు ఏడు దగ్గర ఆగింది. పరీక్షకు సరిగ్గా సరిపోయే గ్రాఫు. ఇన్నేళ్లలో ఒక యాజమాన్యం తన పాఠం గురించి ఆలోచించడం ఆమె చూడలేదు. ఆ పూట నిజంగానే సంతోషపడింది.

ముప్పై ఒక్క మందీ రాశారు. ఆ కాగితాలను ఆమె మర్నాడు బస్సులో, ఒళ్లో సంచి పెట్టుకొని, దాని మీద దిద్దింది. బస్సు కుదిపినప్పుడల్లా ఎర్రగీత వంకర పోయింది. దూదక్క రాసిన ఇంగ్లీషును తెలుగులో చెబితే ఇది: "ఏప్రిల్లో గీత ఒక్కసారిగా పడింది. ఎందుకంటే ఏప్రిల్ నుంచి క్లినిక్కు పదకొండు నుంచి పన్నెండు వరకే తెరుస్తున్నారు. ఆ గంటలో మేము మిషను వదలకూడదు. వదిలితే సగం రోజు రానట్టు రాస్తారు. కాబట్టి మేము వెళ్లడం లేదు. కాబట్టి మాకు దగ్గు లేదు." టీచరు మొదటి వాక్యం ఉంచి మిగతా అయిదూ ఎర్రసిరాతో కొట్టేసింది. పక్కన 'అనవసరం' అని రాసింది. బాయిలరు దగ్గర పనిచేసే తాత రెండే వాక్యాలు రాశాడు: "నా దగ్గు ఈ గ్రాఫులో లేదు. అది మా ఇంట్లో ఉంది." రెండూ కొట్టేసింది. అలా ఒక్కొక్క కాగితం. వాక్యాలను దిద్దింది, అవి ఏం చెబుతున్నాయో వినలేదు. తన స్టాపు రాగానే దిగిపోయింది.

తర్వాతి తరగతిలో ఒక నమూనా జవాబు బోర్డు మీద రాసింది. పరీక్షలో చివర ఒక ముగింపు వాక్యం ఉండాలి, అందుకని అదీ తనే రాసిచ్చింది: మొత్తమ్మీద, ఏడాదిలో పరిస్థితి మెరుగుపడింది. అందరూ దించుకున్నారు. సంక్షేమాధికారి అడిగిన పద్ధతిలోనే సాఫు ప్రతులు రాయించింది: దిద్దుబాట్లు లేకుండా, తెల్లకాగితం మీద, పేరు, టోకెన్ నంబరు, తేదీ, సంతకం. "మా పెద్దలకి చూపిస్తాను మేడం, మీకూ మంచి పేరొస్తుంది," అన్నాడతను. ముప్పై ఒకటీ తన చేత్తోనే లెక్కపెట్టి, గుండుసూది గుచ్చి ఇచ్చింది.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం దూదక్క అందరికన్నా ముందొచ్చింది. టీచరు ఇంకా బల్ల తుడుస్తోంది. తుడిచిన చోట దూదక్క ఒక జిరాక్సు కట్ట పెట్టింది.

"ఇది చూస్తారా మేడం. కంపెనీ లాయరు పెట్టాడు."

తమ విభాగంలో దుమ్ము వల్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, పరీక్షలు చేయించాలని దూదక్క కార్మిక ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు పెట్టుకుంది. టీచరుకు ఆ సంగతి తెలియదు. మొదటి వాయిదా ఆ పొద్దునే జరిగింది. జిరాక్సు కట్ట పైన టైపు చేసిన శీర్షిక: కార్మికుల స్వదస్తూరి వాంగ్మూలాలు. కింద ముప్పై ఒక్క కాగితాలు. దగ్గుతో వచ్చేవారు క్రమంగా తగ్గారని, పరిస్థితి మెరుగుపడిందని ముప్పై ఒక్క మంది తమ చేత్తో రాసి సంతకం పెట్టారు. అందులో ఫిర్యాదు చేసిన మనిషిది కూడా ఉంది.

టీచరు కూర్చుంది. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"నా ఫిర్యాదుకి నా సంతకంతోటే జవాబు చెప్పారు," అంది దూదక్క. "ఇన్‌స్పెక్టరు గారు అడిగారు, ఇది నీ చేతిరాతేనా అని. అవునన్నాను. కాదని ఎలా అంటాను."

"నా మీద కోపంగా ఉందా?"

"కోపం రావాలన్నా ఊపిరుండాలి కదా మేడం." జిరాక్సు కట్టను తన వైపు లాక్కొని, "మొదట రాసినవున్నాయా? మీరు ఎర్రగా కొట్టేసినవి? వచ్చే గురువారం మళ్లీ వాయిదా. అవి లేకపోతే ఇంతే," అంది.

ఉన్నాయి. మొదటి ప్రతులను పరీక్ష అయ్యేదాకా పారేయకపోవడం ఆమె అలవాటు. చివర్లో తిరిగిచ్చి, ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చారో చూసుకోండి అంటుంది. ఇంట్లో మంచం కింద కట్టగా ఉండాలి.

ఆమె ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. తనూ, తన అక్కా. అక్క ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఇంటినే వార్డులా నడుపుతుంది. ఆమె మాటకు ఎదురు చెప్పిన రోగి ఒక్కడూ లేడని ఆమే చెబుతుంది.

"అక్కా, మంచం కింద కాగితాల కట్ట ఉండాలి, ఏదీ?"

"ఏ కట్టే? ఎర్రగా గీకి పెట్టావే, అదా? అలమార అరల్లో పరిచేశా."

"నన్నడగకుండానా?"

"ఎవర్నడగాలే? నెలరోజుల నుంచి చీపురికి అడ్డం. ఒకవైపు పాడైన కాగితాలే కదా."

"పాడైనవి కాదక్కా." చెప్పులైనా విప్పకుండా వెళ్లి అలమార తలుపు తీసింది.

ఇద్దరూ అరలు ఖాళీ చేశారు. గిన్నెలు, మందు సీసాలు, డబ్బాలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఒక్కొక్క అర కింద నుంచి ఒక్కొక్క కాగితం పైకొచ్చింది. కొన్నింటిని అక్క అర కొలతకు కత్తిరించేసింది, కొన్ని తడిసి అంటుకుపోయాయి, కొన్నింటిని పొయ్యి దగ్గర తుడవడానికి ఎప్పుడో వాడేసింది. చదవడానికి పనికొచ్చేవి పంతొమ్మిది మిగిలాయి. దూదక్కది నూనె డబ్బా కింద దొరికింది. నడిమధ్య గుండ్రటి మరక. మరకలోంచి అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అక్క కళ్లద్దాలు తగిలించుకొని దాన్ని దీపం దగ్గర పట్టుకుంది. ఆమెకు ఆసుపత్రి ఇంగ్లీషు బాగా వచ్చు. రెండుసార్లు చదివింది.

"ఏమే, దీన్ని కొట్టేశావా?"

"కారణం రాస్తే మార్కు పోతుంది."

"గ్రాఫేదీ?" టీచరు తీసిచ్చింది. అక్క ఏప్రిల్ మీద వేలు పెట్టింది. "వార్డులో ఎన్ని వందల చార్టులు గీశానో లెక్కలేదు. జబ్బు తగ్గేటప్పుడు మెట్లు దిగినట్టు దిగుతుంది. ఇది గోడ దూకింది. గోడ ఎవరు కట్టారని నీకు అనిపించలేదా?"

"తోచలేదు."

"తోచకపోవడమేం? అలిసిపోయావు. అలిసిపోయిన నర్సు ఏం చేస్తుందో తెలుసా, థర్మామీటరు చూడకుండా నిన్నటి అంకెనే వేసేస్తుంది. నేనూ వేశాను ఒకసారి."

ఆ రోగి ఏమయ్యాడని టీచరు అడగలేదు. అక్క కూడా చెప్పలేదు. గిన్నెలన్నీ నేల మీదే ఉన్నాయి. వాటి మధ్య ఇద్దరు పెద్దవాళ్లు కాళ్లు చాపుకొని కూర్చున్నారు.

"వెళ్లి చెబితే ఆ క్యాంటీను పాఠం పోతుంది," అంది అక్క.

"పోతుంది."

"కాగితాలు పంపిస్తే చాలదా? నువ్వే వెళ్లాలా?"

"కొట్టేసింది ఎవరో తెలియకపోతే అవి నూనె కాగితాలేనక్కా. నేనని చెప్పాలి."

ఇన్‌స్పెక్టరు గదిలో గుడ్డలో కట్టిన ఫైళ్లు గోడ పొడవునా ఉన్నాయి. పైన ఫ్యాను తిరిగినంత సేపూ ఏదో ఒక కాగితం లేచి పడుతూనే ఉంది. గురువారం వాయిదాకు బల్లకు ఒక పక్క దూదక్క, రెండో పక్క కంపెనీ లాయరు, అతని వెనక సంక్షేమాధికారి. టీచరు వస్తుందని సంక్షేమాధికారి అనుకోలేదు. చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. లాయరు మాత్రం లేచి కుర్చీ జరిపాడు. బహుశా ఆమెను తన సాక్షిగానే లెక్కేసుకున్నాడు.

"మేడం, ఈ ముప్పై ఒక్క కాగితాలూ కార్మికులు సొంత చేత్తో రాసినవేనా?" అని అడిగాడు లాయరు.

"అవునండి."

"ఏం రాస్తున్నారో తెలిసే రాశారా? అంటే, ఆ మాత్రం ఇంగ్లీషు మీరు నేర్పారు కదా?"

"నేర్పాను. తెలిసే రాశారు."

దూదక్క తల దించుకుంది.

"రాయమని ఎవరైనా బలవంతం చేశారా?"

"చేశారు."

లాయరు ఆ జవాబు ఊహించలేదు. "ఎవరు?"

"నేను."

ఇన్‌స్పెక్టరు కలం ఆపాడు. టీచరు సంచిలోంచి పంతొమ్మిది కాగితాలూ తీసి బల్ల మీద పెట్టింది. గదిలో నూనె వాసన వచ్చింది. ఇన్‌స్పెక్టరు పైదాన్ని వేలికొసలతో ఎత్తి చూశాడు.

"ఇవెక్కడివమ్మా?"

"వాళ్లు మొదట రాసినవి సార్. తేదీలున్నాయి. ఎర్రసిరా నాది. ఇన్నాళ్లూ మా ఇంట్లో అలమార అరల్లో ఉన్నాయి, మా అక్క గిన్నెల కింద పరిచింది."

దూదక్కకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, అది దగ్గయింది. ఆ చిన్న గదిలో దగ్గు చాలాసేపు నడిచింది. టీచరు ఫ్లాస్కు మూత తిప్పింది. నీళ్లు బల్ల మీదుగా వెళ్లాలి. మధ్యలో లాయరు ఉన్నాడు. అతను ఒక్క క్షణం తడబడి, మూత అందుకొని అవతలికి ఇచ్చాడు. దగ్గు ఆగేదాకా ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పలేదు.

తర్వాత చదివాడు. కొట్టేసిన వాక్యాలను పైకే చదివాడు, ఒక్కొక్క కాగితం నుంచి. క్లినిక్కు గంటసేపే. మిషను వదలకూడదు. సగం రోజు పోతుంది. కాబట్టి మాకు దగ్గు లేదు. పంతొమ్మిదింటిలో పదిహేడు ఆ మాటే చెప్పాయి, తలా ఒక తప్పు ఇంగ్లీషులో.

"అంటే నిజాన్ని మీరే కొట్టించారంటారు," అన్నాడు లాయరు. గొంతులో మర్యాద కొంచెం తగ్గింది.

"అవునండి. ఒక్క మార్కు కోసం."

"మరి అప్పుడు అలా చేసిన మనిషిని ఇప్పుడెందుకు నమ్మాలి?"

"నన్ను నమ్మక్కర్లేదు. ఏప్రిల్లో క్లినిక్కు తలుపు మీద వేళలు మార్చి అంటించిన నోటీసు తెప్పించండి. షిఫ్టు రిజిస్టరు తెప్పించండి. వాటికి నా ఇంగ్లీషుతో పనిలేదు."

ఇన్‌స్పెక్టరు కంపెనీ కట్ట వైపు తిరిగాడు. "ముప్పై ఒక్క మందీ చివర ఒకే మాట రాశారు, 'పరిస్థితి మెరుగుపడింది' అని. అక్షరం తేడా లేదు. ఇదేంటి?"

"అది నేను బోర్డు మీద రాసిచ్చింది సార్." ఆమె ఫ్లాస్కును ఒళ్లో ఊరికే ఇటూ అటూ తిప్పింది. "గ్రాఫు చెప్పేది క్లినిక్కుకి ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే. మెరుగుపడిందన్న మాట గ్రాఫులో లేదు. గ్రాఫులో లేనిది రాయొద్దని పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను. లేనిది రాసింది ఆ గదిలో నేనొక్కదాన్నే. వీళ్లు రాసినవన్నీ వాళ్ల ఒంట్లో ఉన్నవే."

ఇన్‌స్పెక్టరు గుమాస్తాను పిలిచి చెప్పి రాయించాడు: పంతొమ్మిది మూల ప్రతులు ఫైలులో చేర్చడమైనది; నోటీసు, షిఫ్టు రిజిస్టరు వచ్చే వాయిదాకు హాజరుపరచవలెను; ఫిర్యాదుదారుకు, ఆ విభాగంలో పనిచేసేవారందరికీ కంపెనీతో సంబంధం లేని ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేయించవలెను. వాయిదా ఆరు వారాలకు. అంతే జరిగింది. పంతొమ్మిదేళ్లు దుమ్ము పీల్చిన మనిషికి న్యాయస్థానంలాంటి ఒక గది ఇవ్వగలిగింది ఆ రోజుకు ఆరు వారాలే.

బయట మెట్ల దగ్గర దూదక్క ఖాళీ మూత తిరిగిచ్చింది.

"రేపు పాఠముందా మేడం?"

"క్యాంటీను తలుపు తీస్తే ఉంటుంది."

తీయలేదు. మరమ్మతులు జరుగుతున్నాయని తలుపుకు కాగితం అంటించారు. ఏ మరమ్మతులో, ఎన్నాళ్లో రాయలేదు. టీచరు దాని ముందు కాసేపు నిలబడి, తేదీ చూసుకొని, ఆ నోటీసును అక్షరం వదలకుండా తన పుస్తకంలో ఎక్కించుకుంది. ఇలాంటిది ఆమె ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు.

ఆ వారం తర్వాత పాఠం టీచరు ఇంటికి, రెండో అంతస్తుకు మారింది. ముప్పై ఒక్క మందిలో పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్లను ఎవరూ తప్పు పట్టలేదు. ఉద్యోగం ఉన్నవాడికి భయం కూడా ఉంటుంది. మంచం మీద నలుగురు, ఇనప్పెట్టె మీద ఇద్దరు, మిగతావాళ్లు నేల మీద. రేడియో గుమ్మంలో కూర్చున్నాడు, ఎందుకంటే మధ్యమధ్య మెట్ల మీద వెళ్లేవాళ్లతో కూడా మాట్లాడొచ్చు. బాయిలరు తాతకు అక్క కుర్చీ వేసి, కూర్చోగానే అడగాపెట్టకుండా నాడి పట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచీ దగ్గు?"

"గ్రాఫు పుట్టక ముందు నుంచీ అమ్మా," అన్నాడు తాత.

టీచరు కొత్త గ్రాఫు పంచింది. పుస్తకంలోదే, ఎక్కడో కురిసిన మంచు. పరీక్ష అలాగే ఉంది, మార్కులు వేసేవాళ్లూ అలాగే ఉన్నారు. గాజు తలుపు వీళ్లకు ఇంకా కావాలి. అందుకని పాత సూత్రమే మళ్లీ చెప్పింది, అరిగిన గొంతుతో: గ్రాఫులో లేనిది రాయకూడదు. వాళ్లు రాశారు. రాసి, కలాలు మూయబోతుంటే ఆమె ఇంకో తెల్లకాగితం తలా ఒకటి ఇచ్చింది.

"ఇది రెండోది. ఈ వారం ఫ్యాక్టరీలో మీరు చూసింది రాయండి, ఎందుకో కూడా రాయండి. తెలుగులోనైనా సరే. తేదీ వేసి సంతకం పెట్టండి."

"దీనికెన్ని మార్కులు మేడం?" అని గుమ్మంలోంచి రేడియో.

"లేవు."

"మార్కుల్లేనిదానికి సంతకమా?"

"మార్కులున్నదానికి పెట్టావుగా, ఏమైందో చూశావుగా," అంది దూదక్క. ఆమె అప్పటికే రాయడం మొదలుపెట్టింది. పెద్దాసుపత్రిలో పరీక్షకు ఆమె పేరు ఎల్లుండికి ఉంది. కాసేపటికి తలెత్తి, "ఎన్ని వాక్యాలు రాయాలి మేడం?" అని అడిగింది.

"అయ్యేదాకా."

టీచరు ఎర్ర కలానికి మూత పెట్టి సంచిలో వేసింది. గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. పదకొండు కలాల చప్పుడు, మధ్యలో ఒకరి దగ్గు, తర్వాత ఇంకొకరిది. అందరూ రాసిచ్చాక అక్క ఆ కాగితాలను లెక్కపెట్టింది, ఇనప్పెట్టె మీద కూర్చున్న ఇద్దర్నీ లేపి, లోపల బట్టల అడుగున పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత ఖాళీ అలమార వైపు చూసి చెల్లెల్ని అడిగింది.

"మరి అరల్లో ఏం పరవనే?"

"ఏమీ వద్దక్కా," అంది టీచరు కళ్లు తెరవకుండానే. "చెక్క మీదే పెట్టు."